ఇత్తడి పలక మీద అక్షరాలకు నైట్రిక్ యాసిడ్ అక్కర్లేదు

మీరడిగినవి ఇవీ: 2 మిల్లీమీటర్ల మందమున్న ఇత్తడి పలక మీద ఇంటిపేరు, పక్కన చిన్న లత ఎచింగ్ చేయాలి, అంటే రసాయనంతో లోహాన్ని తినిపించి చెక్కాలి. నైట్రిక్ యాసిడ్ అయితే చిటికెలో పనైపోతుందని ఎవరో చెప్పారు. అది దొరక్కపోతే బాత్రూమ్ యాసిడ్‌తో సరిపెట్టుకోవచ్చా? తర్వాత స్టీలు, అల్యూమినియం మీద కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా? మిగిలిన ద్రావణాన్ని ఎక్కడ పారబోయాలి?

నైట్రిక్ సంగతి ముందు తేల్చేద్దాం. అది రాగిని, ఇత్తడిని తింటుంది, వేగంగానే తింటుంది. ఆ వేగమే చిక్కు. చర్య మొదలైతే ద్రావణం వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ చర్య ఇంకా ఉద్ధృతమవుతుంది. పైకి లేచే ఎర్రటి గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. అది పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోవచ్చు, మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఫ్యూమ్ హుడ్, అంటే పొగను లాగి బయటికి పంపే ల్యాబ్ గూడు, లేని చోట నైట్రిక్ వాడమని నేనెవరికీ చెప్పను. బాల్కనీ ఎంత గాలాడినా ఫ్యూమ్ హుడ్ అవదు.

బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక్కదాన్నే పోస్తే రాగి కదలదు. ఇత్తడిలో జింక్ కొంత కరిగి పైన గులాబీరంగు మచ్చలు పడతాయంతే. రాగి కరగాలంటే ఆమ్లంతో పాటు ఆక్సీకరణ చేసే పదార్థం ఉండాలి. అందుకే కొందరు అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. ఎలక్ట్రానిక్స్ సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్ళలో ఆ పద్ధతికి మంచి పేరుంది. కానీ పాళ్ళు తప్పినా, పెరాక్సైడ్ గాఢత ఎక్కువైనా క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ ఆమ్లం ఆవిరి ఊరికే కూడా పోదు. సీసా మూత తీసి ఉంచితే ఆ గదిలో ఉన్న రెంచీలు, స్క్రూడ్రైవర్లు తెల్లారేసరికి తుప్పెక్కి కనిపిస్తాయి. మొదటిసారి చేసేవారికి అది వద్దు.

మీకు కావలసింది ఫెర్రిక్ క్లోరైడ్. రాగి, ఇత్తడి, కంచు, మామూలు ఇనుము, అన్నిటి మీదా పనిచేస్తుంది. ఇందులో ఐరన్ అయాన్లే రాగి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని దాన్ని కరిగిస్తాయి, వాయువు ఏదీ పుట్టదు. అంతమాత్రాన ఇది సాధువని కాదు. ద్రావణం గట్టి ఆమ్లత్వం కలదే, కంట్లో పడితే కన్ను పాడవుతుంది, బట్ట మీద పడితే ఆ మరక ఇక పోదు, స్టెయిన్‌లెస్ స్టీలు సింకు మీద పడితే సన్నని గుంటలు పెడుతుంది. పక్కలు కూడా మూసే గాగుల్స్, నైట్రైల్ గ్లవ్స్, పాత బట్టలు, చేతికందేలా బకెట్ నీళ్ళు ఉండాలి. కంట్లో పడితే ఆగకుండా కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

దీన్ని ద్రావణంగా అమ్ముతారు, పసుపు గోధుమరంగు గడ్డలుగానూ అమ్ముతారు. గడ్డలు కొంటే నీళ్ళలో గడ్డల్ని కొంచెం కొంచెంగా వేయండి, గడ్డల మీద నీళ్ళు పోయకండి. తేమ లేని పొడి రకమైతే కరిగేటప్పుడు సలసలా మరిగినంత వేడి పుడుతుంది, అది మాత్రం కొనకండి. అమ్మే ద్రావణం సాధారణంగా 40 శాతం దగ్గర ఉంటుంది. చిక్కగా ఉంటే పని త్వరగా అవుతుందనుకుంటారు గానీ మరీ చిక్కనిది గీతల్లోకి దూరదు, కదలదు. కాస్త పలుచన చేసినదే మెరుగు.

దీనికి ఒక చేర్పు ఉంది. 1990ల్లో ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ అనే ప్రింట్ కళాకారుడు ఫెర్రిక్ క్లోరైడ్‌లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కలిపే పద్ధతి రూపొందించాడు, దాన్ని ఎడిన్‌బరో ఎచ్ అంటారు. మామూలు ఫెర్రిక్ క్లోరైడ్‌తో వచ్చే తలనొప్పి ఏంటంటే, గీతల అడుగున తుప్పురంగు మడ్డి పేరుకుని కింద లోహానికి ద్రావణం తగలనివ్వదు. సిట్రిక్ ఆమ్లం ఆ ఐరన్‌ను పట్టి ఉంచి మడ్డి కట్టకుండా చూస్తుంది. ఒక పాలు నిమ్మ ఉప్పు పొడిని మూడు పాళ్ళ నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళు ఒక వంతు, 40 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ నాలుగు వంతులు కలపండి. అంచులు నీటుగా వస్తాయి, వేగమూ పెరుగుతుంది. నేను ఇత్తడికి ఇదే వాడతాను.

అయితే ఏ రసాయనం అన్న దాని గురించే అందరూ అడుగుతారు. పలకలు పాడయ్యేది మాత్రం దాదాపు ఎప్పుడూ రసాయనం వల్ల కాదు, పలకను సరిగ్గా తోమకపోవడం వల్ల, కాపాడాల్సిన చోట వేసిన పూత సరిగ్గా అంటకపోవడం వల్ల. కాబట్టి అసలు సమయం అక్కడ పెట్టండి.

ఇత్తడి పలకలకు కొన్నిసార్లు పైన కంటికి కనపడని లక్క పూత ఉంటుంది. ముందు అసిటోన్‌తో తుడవండి. తర్వాత 400 నంబరు గరుకు కాగితం నీళ్ళతో తడిపి ఒకే దిశలో రుద్దండి, ఆపై 600. అద్దంలా మెరిసే పలక మీద పూత పట్టదు, సన్నని గరుకు ఉండాలి. గిన్నెల సబ్బుతో కడిగి, వేళ్ళు పలక ముఖం మీద పెట్టకుండా అంచులు పట్టుకుని నిటారుగా ఎత్తి నీళ్ళు పోయండి. నీళ్ళు పలకంతా పలచని పొరగా నిలిచి మెల్లగా జారాలి. ఎక్కడైనా పొర చిట్లి చుక్కలుగా విడిపోయిందంటే అక్కడ జిడ్డుంది, మళ్ళీ తోమాల్సిందే. ఈ పరీక్ష పాసవకుండా ముందుకు వెళ్ళకండి. తర్వాత బొటనవేలు ముద్ర కూడా పూతను లేపేస్తుంది.

ఇక పూత, అంటే రెసిస్ట్. లేజర్ ప్రింటర్ టోనర్ ప్లాస్టిక్, దాన్ని వేడితో పలకకు అంటించడమే సులువైన దారి. ఇంక్‌జెట్ పనికిరాదు. బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి, నిగనిగలాడే పత్రిక కాగితం మీద ముదురుగా ప్రింట్ తీయండి. ఇక్కడ 2 మిల్లీమీటర్ల ఇత్తడి మిమ్మల్ని ఏడిపిస్తుంది. అంత మందం లోహం వేడిని లాగేసుకుంటుంది, పైన ఇస్త్రీ పెట్టె కాలుతున్నా టోనర్ కింద చల్లగానే ఉంటుంది. అందుకని ముందు పలక మీదే పెట్టెను రెండు మూడు నిమిషాలు ఉంచి పలకను వేడెక్కించండి, కింద చెక్క ఉండాలి. ఆ తర్వాత కాగితం పరిచి, ఆవిరి ఆపేసి, కాటన్‌కు పెట్టే వేడి మీద, పెట్టెను లాగకుండా నొక్కి ఎత్తి నొక్కి ఎత్తి ఐదు నిమిషాలు. లాగితే అక్షరాలు అలుక్కుపోతాయి. కాస్త చల్లారాక గోరువెచ్చని నీళ్ళలో వేసి, కాగితం నానిన తర్వాత వేలి కొసతో గుండ్రంగా రుద్దితే పొరలు పొరలుగా ఊడిపోతుంది. పీకకూడదు.

తెలుగు అక్షరాలకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. మన లిపి అంతా సున్నాలు, మెలికలు. ‘థ’ కడుపులోని చుక్క, ‘ష’ లోపలి గీత, వత్తుల సన్నని తోకలు, ఇవే ముందు పాడయ్యేవి. కాగితం ఊడ్చాక సున్నాల లోపల తెల్లటి పీచు మిగిలిపోతుంది. అది కూడా ద్రావణాన్ని ఆపుతుంది. మెత్తటి టూత్‌బ్రష్‌తో తడిగా ఉండగానే దాన్ని తీసేయాలి. ఆరాక చూస్తే పీచు మిగిలిన చోట బూడిద రంగుగా కనిపిస్తుంది, నల్లగా ఉన్నది టోనర్, పచ్చగా ఉన్నది లోహం. భూతద్దం పట్టుకుని ఒక్కో అక్షరం చూడండి.

రెండో సంగతి, ద్రావణం కిందికి మాత్రమే తినదు, పక్కలకూ తింటుంది. లెక్కకు, ఎంత లోతు దిగితే పూత కింద అటు అంత, ఇటు అంత తింటుందనుకోండి. కొంచెం అటూ ఇటూ అయినా ప్లానింగుకు ఆ లెక్క చాలు. 0.2 మిల్లీమీటర్ల లోతు కావాలంటే గీత వెడల్పు ఉన్నదానికన్నా 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అక్షరాలు లోపలికి దిగేలా చేస్తే గీతలు లావై సున్నాల లోపలి ఖాళీ కుంచించుకుపోతుంది. అక్షరాలు పైకి ఉబ్బి ఉండేలా చుట్టూ తినిపిస్తే గీతలు సన్నబడి వత్తుల తోకలు ఎగిరిపోతాయి. పేరుపలకకు నేను దిగిన అక్షరాలే చెబుతాను, వాటిలో తర్వాత రంగు నింపుకోవచ్చు. ఫాంటు మాత్రం నాజూకుది, సున్నాలు పెద్దగా ఉన్నది ఎంచుకోండి. అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లకు తగ్గితే ‘థ’ లో చుక్కను చేత్తో దిద్దుకోవాల్సి వస్తుంది.

దిగిన అక్షరాలంటే చుట్టూ నేపథ్యం అంతా టోనర్ ఉండాలి. పెద్ద నల్ల మైదానాల్లో టోనర్ సన్నని చిల్లులు వదులుతుంది. అందుకని అక్షరాల చుట్టూ ఓ వేలెడు వెడల్పు మాత్రం టోనర్ వచ్చేలా ప్రింట్ తీసి, మిగతాదంతా నెయిల్ పాలిష్‌తోనో ఎనామెల్ పెయింటుతోనో పూసేయండి. టోనర్‌లో కనిపించే చిల్లుల మీద సన్న మొన పర్మనెంట్ మార్కర్ రెండు మూడు పూతలు. మార్కర్ ఒక్కటే నమ్ముకుంటే లోతైన పనికి ఆగదు, ఇరవై ముప్ఫై నిమిషాల్లో పల్చబడిపోతుంది. వెనక వైపు, నాలుగు అంచులు ప్యాకింగ్ టేపుతో మూసేయండి. అంచులు మర్చిపోతే పలక చుట్టుకొలత పళ్ళు పళ్ళుగా తయారవుతుంది. లతను చేత్తో గీయాలని సరదా ఉంటే పలకంతా నల్ల ఎనామెల్ పలుచగా పూసి, ఆరాక సూదితో గీకండి. పాతకాలపు ఎచింగ్ కళాకారులు మైనం, తారు కలిపిన పూతతో చేసిందీ అదే.

ద్రావణం ప్లాస్టిక్ ట్రేలోనో గాజు పాత్రలోనో పోయాలి. లోహపు పాత్ర, లోహపు పటకారు, అల్యూమినియం ఫాయిల్, ఏవీ దాని దగ్గరికి రాకూడదు. పలకను ముఖం కిందికి పెట్టి వేలాడదీయాలి. దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు, బొమ్మ కనపడాలని ముఖం పైకి పెడతారు. అలా పెడితే కరిగి బరువెక్కిన ద్రావణం, మడ్డి గీతల్లోనే కూర్చుంటాయి. కిందికి పెడితే వాటంతట అవే రాలిపోతాయి. పలక వెనక థర్మాకోల్ ముక్కను డబుల్ టేపుతో అంటించి తేలేలా చేయండి. పలక బరువుకు చాలినంత పెద్ద ముక్క కావాలి, ముందు మామూలు నీళ్ళలో తేలుతుందో లేదో చూసుకోండి. దించేటప్పుడు ఏటవాలుగా దించండి, లేకపోతే గాలి బుడగ ఇరుక్కుని అక్కడ గుండ్రంగా తినకుండా వదిలేస్తుంది. రెండు నిమిషాలకోసారి ట్రేను మెల్లగా ఊపుతుండండి.

వేడి సాయం చేస్తుంది. ట్రేను వేడినీళ్ళున్న పెద్ద టబ్బులో కూర్చోబెట్టి 40 డిగ్రీల దగ్గర ఉంచితే గది వేడిమి కన్నా చాలా త్వరగా అవుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి, మరీ వేడైతే ఆమ్లపు ఆవిరి లేస్తుంది.

ఎంతసేపు అంటే, అది ద్రావణం ఎంత తాజాదో, ఎంత వెచ్చగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. సర్క్యూట్ బోర్డు మీది 35 మైక్రాన్ల రాగి నిమిషాల్లో పోతుంది. పేరుపలకకు అంతకు ఐదారు రెట్ల లోతు కావాలి, గంటో రెండు గంటలో అనుకోండి. 15 నిమిషాలకోసారి తీసి, నీళ్ళలో ముంచి, గీత అంచు మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు మెత్తగా దాటిపోతే ఇంకా పైపైనే ఉంది. టక్కున ఆగితే రంగు నిలిచేంత లోతు వచ్చినట్టే. ఆ తనిఖీలో టోనర్ అంచు ఎక్కడైనా లేస్తోందేమో కూడా చూడండి. లేస్తే కడిగి, ఆరబెట్టి, నెయిల్ పాలిష్‌తో ఆ చోటు మూసి మళ్ళీ దించొచ్చు. అలా దిద్దుకోవడానికి వీలుండటమే ఫెర్రిక్ క్లోరైడ్ నిదానంలో ఉన్న సుఖం. అసలు పలక ముంచే ముందు అదే ఇత్తడి తునక మీద రెండక్షరాలు వేసి చూస్తే మీ ద్రావణం వేగం తెలిసిపోతుంది.

ఇంత హంగామా వద్దు, సరదాకు చూద్దామనుకుంటే 100 మిల్లీలీటర్ల 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 30 గ్రాముల నిమ్మ ఉప్పు, 5 గ్రాముల మామూలు ఉప్పు కలిపితే పల్చని రాగి కరుగుతుంది, ద్రావణం నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇత్తడి మీద గులాబీ మచ్చలు పడతాయి, లోతూ రాదు, కాబట్టి మీ పేరుపలకకు ఇది చాలదు. ఆ ద్రావణాన్ని సీసాలో పోసి మూత బిగించొద్దు. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, సీసా పగులుతుంది.

అల్యూమినియం దగ్గరికి వస్తే అక్కడ కథే వేరు. ఫెర్రిక్ క్లోరైడ్‌లో అల్యూమినియం వేశారంటే భగ్గున వేడెక్కి, నురగలు కక్కి, ఆమ్లపు పొగతో ట్రే దాటి పొంగుతుంది. దానికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు సమపాళ్ళలో వాడండి. లీటరు నీటికి ఒక్కోటి 50 గ్రాముల చొప్పున మొదలుపెట్టండి. తుత్తంలోని రాగి ఎర్రటి నూగులా బయటికొచ్చి, దాని స్థానంలో అల్యూమినియం కరుగుతుంది. ఉప్పు లేకపోతే అల్యూమినియం పైన సహజంగా ఉండే ఆక్సైడ్ పొర చర్యను ఆపేస్తుంది. ఎర్ర నూగును మెత్తటి బ్రష్‌తో తోసేస్తుండాలి. వచ్చే బుడగలు హైడ్రోజన్, కాబట్టి దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు. జింక్‌కు కూడా ఇదే ద్రావణం. నీలిరంగు వెలిసిపోయిందంటే అందులో సత్తువ అయిపోయినట్టు.

మామూలు స్టీలుకు మీ ఫెర్రిక్ క్లోరైడే సరిపోతుంది. కానీ ఇత్తడికి వాడిన ద్రావణంలో స్టీలు పెట్టకండి, అందులో కరిగి ఉన్న రాగి స్టీలు మీద ఎర్రగా పేరుకుంటుంది. ఇనుము మీద ఎచింగ్ కొత్తదేం కాదు, యుద్ధ కవచాల మీద నగిషీలు వేసేవాళ్ళ నుంచే ఈ విద్య బొమ్మల ముద్రణలోకి వచ్చింది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1515 నుంచి 1518 మధ్య చేసిన ఆరు ఎచింగులూ ఇనుప పలకల మీదివే. ఇక స్టెయిన్‌లెస్ స్టీలును ఉప్పునీళ్ళు, బ్యాటరీతో చెక్కే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. అలా చేస్తే అందులోని క్రోమియం హెక్సావేలెంట్ రూపంలో ద్రావణంలోకి రావచ్చు, అది క్యాన్సర్ కారకం. ఆ జోలికి పోకండి. వెండి గురించి మీరడగలేదు గానీ చెప్పేస్తున్నా, ఫెర్రిక్ క్లోరైడ్‌లో వెండి పైన సిల్వర్ క్లోరైడ్ పొర కట్టి అక్కడితో ఆగిపోతుంది.

మిగిలిన ద్రావణాన్ని పారబోయొద్దు. పని కాగానే అది చచ్చిపోదు, పదుల పలకలకు వస్తుంది, నిదానించేదాకా దాచుకోండి. ప్లాస్టిక్ సీసా, ప్లాస్టిక్ మూత, పెద్ద అక్షరాలతో చీటీ, తాళం వేసే అల్మారా. చూడ్డానికి అచ్చం కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది, కాబట్టి తాగే సీసాల్లో, వంటగదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పూర్తిగా అయిపోయాక డ్రైనేజీలో ఎందుకు పోయకూడదంటే, అందులో కరిగిన రాగి చేపలకు, నీటి జీవాలకు విషం, మురుగునీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులకూ చేటే. పైగా దారిలో లోహపు పైపులుంటే వాటినీ తింటుంది. పెద్ద బకెట్లో పోసి, బట్టల సోడాను కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. విపరీతంగా పొంగుతుంది, బకెట్ సగానికి మించి నిండకూడదు. పొంగు ఆగి, పీహెచ్ కాగితం 8 దగ్గర చూపించేదాకా వేయండి. ఐరన్, రాగి బురదగా అడుగుకు దిగుతాయి. రెండు రోజులాగి పైన తేరిన నీరు రంగు లేకుండా ఉందో లేదో చూడండి. నీలి ఛాయ కనిపిస్తే రాగి ఇంకా అందులో ఉంది. బురదను ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించండి. మొక్కల్లో వేయకండి. బ్లీచింగ్‌తో మాత్రం ఏ దశలోనూ కలపకండి, క్లోరిన్ వస్తుంది.

చివరి పని రంగు. పలక తీసి బాగా కడిగాక వంటసోడా నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, టూత్‌బ్రష్‌తో గీతల్లోకి రుద్దండి. గీతల్లో క్లోరైడ్ మిగిలితే నెలలు గడిచాక వార్నిష్ కింద నుంచి పచ్చటి చిలుము పైకి తేలుతుంది. టోనర్‌ను అసిటోన్‌తో తుడిచేసి, నల్ల ఎనామెల్ గీతల్లో నిండేలా ధారాళంగా పూయండి. అక్కడ తొందరపడి తడిగుడ్డతో తుడిస్తే గీతల్లోని రంగు కూడా గుడ్డతో పాటే వచ్చేస్తుంది. ఒకట్రెండు రోజులు గట్టిపడనివ్వండి. తర్వాత 600 నంబరు కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి, తడితో, పొడుగునా ఒకే దిశలో రుద్దితే పైనున్న రంగు పోయి గీతల్లోది మిగులుతుంది. కాగితాన్ని వేళ్ళతో పట్టి రుద్దితే వేలు గీతల్లోకి దిగి అక్షరాల అంచులు అరిగిపోతాయి, చెక్క తప్పనిసరి. పూర్తిగా ఆరాక వార్నిష్ రెండు పలుచటి పూతలు వేయండి, మొదటిది ఆరాకే రెండోది.